డబ్బా నీళ్లు, గునుగు పూలు

సెప్టెంబరు 20, శనివారం

మెల్‌బోర్న్ బడులకు నిన్నటితో మూడో టర్మ్ అయిపోయింది. మళ్లీ అక్టోబరు 6 సోమవారమే తెరుస్తారు. ఈ 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 21న, దసరా అక్టోబరు 2న. రెండూ సెలవుల్లోనే పడ్డాయని ఎండాకాలం కాకముందే చూసుకుని టికెట్లు కొనిపెట్టుకున్నాను. అక్కడికెళ్లి పద్నాలుగేళ్లు. ఊరికి రావడమంటే ఎప్పుడూ డిసెంబరే. బతుకమ్మకు ఆడబిడ్డ పుట్టింటికి రావాలంటారు. నేను మాత్రం ఏటా ఓ అద్దె హాలుకు వెళ్తున్నాను. సూపర్‌మార్కెట్ చామంతులు పేర్చుకుని, ఏడింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలని పాట మధ్యలో ఆపేసి, బతుకమ్మను కారు డిక్కీలో పెట్టుకుని ఇంటికి రావడం. తంగేడు లేని బతుకమ్మ, ఉప్పు లేని పప్పు.

మా ఆయనకు సెలవు దొరకలేదు. నేను, పన్నెండేళ్ల బిడ్డ, ఎనిమిదేళ్ల కొడుకు బయల్దేరాం. సింగపూర్‌లో విమానం మారి రాత్రికి శంషాబాద్‌లో దిగాం. గడియారం నాలుగున్నర గంటలు వెనక్కి తిప్పుకుని ఉప్పల్‌లో మేనత్త ఇంట్లో పడుకున్నాం. పడుకున్నాం అనడమే గానీ పిల్లలిద్దరూ మూడింటికే లేచి కూర్చుని ఆకలన్నారు. పాపం మేనత్త ఆ జామున లేచి ఉప్మా చేసింది.

సెప్టెంబరు 21, ఆదివారం

పొద్దున్నే అన్న కారు తెచ్చాడు. భువనగిరి దగ్గర ఒకే రాయిలా లేచిన గుట్ట, దానిమీద కోట కనపడగానే చిన్నోడు కారు ఆపమన్నాడు. ఆపలేదు. ఆలేరు, పెంబర్తి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట. పెంబర్తి ఇత్తడి పనికి పేరు. బతుకమ్మ పేర్చే మా బాపమ్మ తాంబాలం కూడా ఆ ఊళ్లో కొన్నదేనని అన్న చెప్పేదాకా నాకు తెలియదు. చిన్నప్పుడు దాన్ని తోమింది మాత్రం నేనే.

హనుమకొండలో అమ్మ దగ్గర అన్నం తిని నిద్రకు కూలబడితే సాయంత్రం వదిన లేపింది. వేయిస్తంభాల గుడికి పోవాలి. ఈసారి సర్కారు బతుకమ్మ సంబురాలు అక్కడే మొదలుపెట్టడంతో పోలీసులు, కంచెలు, మైకులు. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గర్భగుళ్లు. ఆ రాళ్ల ముందు వేల మంది ఆడవాళ్లు. నా బిడ్డ ఇంతమందిని ఒకచోట చూడటం క్రికెట్ స్టేడియంలో తప్ప ఇదే మొదలు. రెండడుగులు వేసి వంగి చప్పట్లు కొట్టాలి. తను వంగేసరికి ముందున్నావిడ లేస్తోంది. మూడో చుట్టుకు వదిన తన చెయ్యి పట్టుకుని వలయంలోంచి బయటికి తెచ్చేసింది. బిడ్డ మొహం చిన్నబోయింది. నాకు నవ్వొచ్చింది, దాచుకున్నాను.

సెప్టెంబరు 22, సోమవారం

ఊరికి. గూడెప్పాడ్ చౌరస్తాలో పరకాల తొవ్వ పట్టాం. రెండు దిక్కులా పత్తి, అక్కడక్కడా పొలం. బాపమ్మ మా చిన్నాయిన దగ్గర ఉంటుంది. వయసు ఎనభై అయిదంటుంది ఒకసారి, ఎనభై ఏడంటుంది ఇంకోసారి. ఆధార్ కార్డులో వేరే ఉంది.

వేపచెట్టు కింద మంచంలో కూర్చుని మా కారు కోసమే చూస్తోంది. "ఏం బిడ్డా, గింత బక్కగైనవేంది?" అంది. కిందటిసారికంటే ఎనిమిది కిలోలు పెరిగాను. పిల్లల్ని దగ్గరికి తీసుకుని ఇద్దర్నీ అడిగింది, "తిన్నవా?" ప్రతి ఆదివారం వీడియోలో అడిగేదీ ఇదే. వాళ్లు చెప్పేదీ ఎప్పుడూ చెప్పేదే: "తిన్న." అటు తర్వాత మాట దొరకలేదు. ఫోన్లో అయితే ఇక్కడ నెట్ పోయేది, అందరికీ తప్పించుకోవడం సులువయ్యేది. ఎదురెదురుగా కూర్చుంటే నెట్ ఎట్లా పోతుంది?

ఇంట్లో అడుగుపెట్టాక తెలిసింది, మా కోసం ఎంత చేశారో. పిల్లలకు కష్టమవుతుందని కొత్త కమోడ్ పెట్టించారు. గోడ పక్కన వరసగా నాలుగు ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు, ఊళ్లో వాటర్ ప్లాంటు నుంచి. "మన నీళ్లు పిల్లలకు పడయ్ కదా" అంది చిన్నమ్మ. నాక్కూడా ఆ డబ్బా నీళ్లే గ్లాసులో పోసి ఇచ్చింది. కుర్చీ వేసింది. తిన్న కంచం తీయబోతే "నువ్వు కూసో" అని లాక్కుంది. ఈ ఇంట్లో నేను బావి గిరక మీద నీళ్లు చేదాను, పేడ ఎత్తాను, దొంగతనంగా చింతపండు తిని దెబ్బలు తిన్నాను. ఇప్పుడు నా ముందు బిస్కెట్ల ప్లేటు.

రాత్రి చిన్నాయిన యూరియా సంగతి చెప్పాడు. పోయిన నెల బస్తాల కోసం తెల్లారుజాము నుంచే వరసలు. నిలబడలేక చెప్పులు వరసలో పెట్టి చెట్టుకింద కూర్చున్నారట. "మా చెప్పులు నాకంటే ఎక్కువ కష్టపడ్డయ్" అన్నాడు. చిన్నోడికి ఇది బాగా నచ్చింది. చెప్పులు వాటంతటవే నడుచుకుంటూ వెళ్లాయా అని అడిగాడు.

సెప్టెంబరు 23, 24

చుట్టాలే చుట్టాలు. పొద్దున లేస్తే ఎవరో ఒకరు. బిడ్డ ఒక నోటుబుక్కులో వరసలు రాసుకోవడం మొదలుపెట్టింది. బాపమ్మ చెల్లెలి మనుమరాలు నాకు మరదలా వదినా అన్నదానిమీద అరగంట పంచాయితీ నడిచి తేలకుండానే చాయ్ వచ్చింది.

బుధవారం మా తమ్ముడు, అంటే చిన్నాయిన కొడుకు, బండిమీద చిన్నోణ్ణి పరకాలకు తిప్పుకొచ్చాడు.

సెప్టెంబరు 25, గురువారం

రాత్రి చిన్నోడికి వాంతులు. తర్వాత విరేచనాలు కూడా పట్టుకున్నాయి. ఏం తాగావురా అంటే, బాపమ్మ బిందెలో నీళ్లు అన్నాడు. ఆ బిందె మంచం పక్కన పీట మీద ఉంటుంది. మూత మీద రాగి చెంబు. వాడికి ఆ చెంబు మీద మొదటిరోజు నుంచీ కన్ను.

అర్ధరాత్రి, నిద్ర లేదు, చేతిలో బక్కెట్టు. అందరి ముందూ అనేశాను: "నువ్వెందుకు పోసినవ్ బాపమ్మా ఆ నీళ్లు? అన్ని డబ్బాలు ఉండంగ?"

బాపమ్మ ఏమీ అనలేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

పొద్దున లేచేసరికి ముసురు. ఆర్‌ఎంపీ డాక్టరు గొడుగేసుకుని వచ్చి ఓఆర్‌ఎస్ పొట్లాలు, మాత్రలు ఇచ్చి వెళ్లాడు. పదింటికల్లా వాడు లేచి కూర్చుని టీవీ పెట్టమన్నాడు. పిల్లల జబ్బులు అంతే. మన మాటలే వెనక్కి రావు.

ఇవాళ ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఈరోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. అమ్మవారు అలిగిందంటారు. మా ఇంట్లో అలిగింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. బాపమ్మ బిందెలో నీళ్లన్నీ వాకిట్లో, ఆ వానలోనే పారబోసి, బిందెను పీటమీద బోర్లించింది. మధ్యాహ్నం చిన్నమ్మ అన్నం పెడితే డబ్బా నీళ్లు అడిగి తీసుకుని, గ్లాసు నాకు కనపడేలా పట్టుకుని తాగింది. నోటితో ఒక్క మాట లేదు. ఎనభై ఏళ్లు పైబడ్డ మనిషి అలిగితే ఇల్లంతా కాలివేళ్ల కొసలమీద నడుస్తుంది.

సెప్టెంబరు 27, శనివారం

టీవీలో హైదరాబాద్. మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి, రాత్రి ప్రయాణికులు అందులోనే చిక్కుకున్నారు. చిన్నాయిన మాత్రం పత్తి చేను గురించే. కాయ పగిలే వేళకు ఈ వాన.

మధ్యాహ్నం తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, చెప్పులు చూసుకుంటూ చెప్పాడు. పరకాల బస్టాండు దగ్గర చిన్నోడు పానీపూరీ తిన్నాడట. ఒక ప్లేటు కాదు, రెండు. "అక్కా, వాడే అడిగిండు."

సారీ అంటే మన ఇళ్లల్లో నవ్వుతారు. పెద్దవాళ్ల దగ్గర ఆ పనికి పనికొచ్చే తెలుగు మాట నాకు ఇప్పటికీ తెలియదు. బిందె తీసుకుని నల్లా దగ్గర కడిగాను. చింతపండు పెట్టి తోమాను, నింపి తెచ్చి పీటమీద పెట్టాను. చెంబుతో ముంచుకుని బాపమ్మ ఎదురుగానే గటగటా తాగాను.

ఆమె నన్ను కిందనుంచి పైకి చూసింది. "రేపు కడుపుల నొస్తే నన్ననకు" అంది.

సెప్టెంబరు 28, ఆదివారం

వాన తెరిపిచ్చింది. వ్యానులో పదకొండు మందిమి రామప్ప గుడికి పోయాం. బాపమ్మ రాలేదు. చిన్నప్పుడు శివరాత్రికి ఎడ్లబండిలో పోయిందట, అప్పుడు చూసిన రాళ్లు ఇప్పుడు మారతాయా అంది.

పాలంపేటలో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. లోపలున్నది రామలింగేశ్వరుడు. కానీ గుడికి చెక్కిన శిల్పి రామప్ప పేరు నిలిచిందంటారు. 2021 జూలైలో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నా బిడ్డ బడివాళ్లతో మెల్‌బోర్న్ ఎగ్జిబిషన్ బిల్డింగ్ చూసొచ్చింది, అదీ ఆ జాబితాలోదే. 1880లో కట్టారు. బిడ్డ నిలబడిన చోటే తీసివేత చేసి, "ఆరువందల అరవై ఏడేళ్లు పెద్దది" అంది. లెక్కతో అయినా సరే, గుడి ఎదుట దాని గొంతు కాస్త తగ్గింది.

ఎర్రరాతి గోడలకు పైన ఏటవాలుగా నల్లరాతి మదనికలు, అంటే నాట్యకత్తెల బొమ్మలు. గైడు వాళ్లలో ఒకామె పాదాలు చూపించాడు, ఎత్తు మడమల చెప్పుల్లా ఉంటాయి. నీళ్లమీద తేలే ఇటుకలతో శిఖరం కట్టారనీ, పునాదిలో ఇసుక నింపారనీ చెప్పాడు. చిన్నోడు ఇటుక తేలడం నమ్మలేదు, ఒకటి ఇమ్మన్నాడు. నన్ను నిలబెట్టింది నంది. నడవబోతూ ఎవరో పిలిస్తే చెవి రిక్కించినట్టు ఉంటుంది. మెడలో గంటల పట్టెడ ఎంత సన్నంగా చెక్కారంటే తాడు మెలికలు లెక్కపెట్టొచ్చు. అక్కడ పావుగంట ఒంటరిగా నిలబడదామనుకున్నాను. సెల్ఫీల వాళ్లు పడనివ్వలేదు.

సెప్టెంబరు 29, సోమవారం

సద్దుల బతుకమ్మ, అంటే ఆఖరి రోజు, ఇవాళా రేపా? వాట్సాప్‌లో రెండు రోజులుగా కొట్లాట. కొన్ని ఊళ్లలో ఇవాళే. మా ఊరి అయ్యగారు మంగళవారమన్నాడు. మాకు ఒకరోజు ఎక్కువ దొరికింది.

పొద్దున్నే పూలకు. తంగేడు చెరువుకట్ట మీద కావలసినంత. గునుగే కరువు. నా చిన్నప్పుడు మొక్కజొన్న చేన్లో నిలబడితే నడుం దాకా గునుగే. "కలుపుమందు కొట్టినంక ఏడ మిగుల్తది?" అన్నాడు చిన్నాయిన. ఆయనకు అది పదకొండు నెలలు కలుపు, ఒక నెల పువ్వు. చివరికి రెండు చేన్లు దాటి పడావు పడ్డ ముక్కలో దొరికింది. పిల్లలు తలా ఒక మోపు మోశారు. బిడ్డ కాళ్లకు బురద, జుట్టులో గడ్డి.

మధ్యాహ్నం బాపమ్మ కేకేసింది. చిన్నమ్మనో వదిననో కాదు, నన్ను. "ఓ పోరీ, గాడ కూసోని ఏం జేస్తున్నవ్? ఇటు రా. పొయ్యి ముట్టియ్యి."

వారం రోజుల్లో ఈ ఇంట్లో నాకు ఎవరైనా ఒక పని చెప్పడం ఇదే మొదలు. లేచి పరుగెత్తాను.

గునుగు పువ్వు దగ్గరగా చూస్తే తెల్లటి కుచ్చు, కొసన లేత గులాబి. ముట్టుకుంటే ఎండుగడ్డిలా గరగరమంటుంది. పది పన్నెండు కాడలు ఒక కట్ట. పూలన్నీ ఒక ఎత్తులో వచ్చేలా అరచేతిలో తట్టి, దారంతో కట్టి, కిందికాడలు కొడవలితో సమంగా కోసెయ్యాలి. నేను కోసింది వంకర పోయింది. బాపమ్మ నా చేతిమీద ఒక్కటి వేసి, కట్ట విప్పి మళ్లీ కట్టమంది. మరిగే నీళ్లలో రంగు పొడి. ఒక గిన్నెలో గులాబి, ఒకదాంట్లో పచ్చ, ఒకదాంట్లో నీలం. కట్టను తలకిందులు చేసి పూలదాకా ముంచి, కాసేపు పట్టి, విదిలించి, గోడకు ఆనించి ఆరబెట్టాలి. విదిలించేటప్పుడు మన మీద పడకుండా విదిలించడం బాపమ్మకొక్కదానికే వచ్చు. సాయంత్రానికి నా వేళ్లు, గోళ్ల సందులు పచ్చగా, గులాబిగా. పిల్లలిద్దరి మొహాల మీదా చుక్కలు. బాపమ్మ చీరమీద ఒక్క మరక లేదు.

రంగులు ముంచుతూ చిన్నోడు ఆమెతో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. వాడి తెలుగు సగం ఆమెకు అర్థం కాదు, ఆమె మాట సగం వాడికి. "గట్ల గాదు పిలగా", "ఇట్లనా?" ఈ రెండు మాటలతోనే గంట గడిచింది.

సెప్టెంబరు 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. పెంబర్తి తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, మొదటి వరస తంగేడు. తర్వాత గునుగు ఒక వరస పచ్చ, ఒక వరస గులాబి. మధ్యలో బంతి, కట్లపూలు, పట్టుకుచ్చు. కాడలన్నీ లోపలికి. లోపలి గుంతలో ఆకులూ తుంచిన కాడలూ కూరుతూ పోతేనే పైకి నిలుస్తుంది. కొసన గుమ్మడిపువ్వు, తమలపాకులో పసుపు గౌరమ్మ. మాది బిడ్డ నడుం దాకా వచ్చింది. ఎత్తింది చిన్నాయినే. ఆడవాళ్లకు మోసే వంతు వాకిలి దాటాకే.

మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర. మలీదకు రొట్టెలు పిసికిన చేయి నాదే అని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

చెరువుకట్ట దగ్గర పోరగాళ్లు డీజే పెట్టారు. ఆ దెబ్బకు నా పక్కటెముకలు అదిరాయి, పాట మాత్రం వినపడలేదు. ముసలివాళ్లంతా లేచి వంద గజాల దూరం పోయి వేరే వలయం కట్టారు. బాపమ్మ కుర్చీలో కూర్చుని పాటెత్తుకుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకున్నారు. గొంతు పగిలింది గానీ ఒక్క చరణం తప్పలేదు. బిడ్డ ఈసారి వంగాల్సినచోట వంగింది. తొమ్మిదిన్నరకు బతుకమ్మను నీళ్లలో వదిలాం. చిన్నోడు ఏడ్చాడు, తన గులాబి వరస మునిగిపోయిందని.

అక్టోబరు 1, బుధవారం

రేపు దసరా. రేపే గాంధీ జయంతి. మాంసం కొట్లు, వైన్ షాపులు బంద్. తెలంగాణలో దసరాకు ఈ రెండూ లేకపోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. పొద్దున నాలుగిళ్లవాళ్లు కలిసి పొట్టేలును కోసి పోగులు పంచుకున్నారు. వైన్ షాపు దగ్గర వరస చూసి చిన్నాయిన, "యూరియాకు గిట్ల ఓపిగ్గ నిలబడితే అయిపోతుండె" అని తనే నవ్వాడు. బాపమ్మకు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టిన కూర దసరా కూర కాదు.

అక్టోబరు 2, గురువారం

పొద్దున పాలపిట్టను చూడాలని పిల్లల్ని చేన్లవైపు తిప్పాం. కరెంటు తీగమీద కూర్చుంది బూడిదరంగు పిట్ట. ఇదేనా అన్నట్టు బిడ్డ మొహం పెట్టింది. ఎగిరేసరికి రెక్కల్లోంచి నీలం బయటపడింది. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర పూజ, ఆకుల కోసం తోపులాట. మొన్నటి తంగేడు, పొద్దున పాలపిట్ట, ఇప్పుడు జమ్మి. మూడూ రాష్ట్ర చిహ్నాలే. ఊరివాళ్లకు మాత్రం ఇది పండుగ, అంతే.

జమ్మిని బంగారమంటాం. పిల్లలు బాపమ్మ చేతిలో పెట్టి కాళ్లు మొక్కారు. ఆమె వాళ్ల చేతుల్లో తిరిగి పెట్టి చెరో యాభై రూపాయలిచ్చింది. నాకు యాభై లేవు. కొంగు ముడి విప్పి, పాత చీరపీలికలో కట్టిన చిన్న మూట ఇచ్చింది. లోపల బంతి విత్తులు, రెండు ఎండు గునుగు కంకులు. "ఆడ నాటు. అద్దె హాలుకు పూలు కొనే బాధ తప్పుతది." అద్దె హాలు సంగతి ఎప్పుడో ఫోన్లో చెప్పిందే.

ఆస్ట్రేలియాలోకి ఇట్లాంటి విత్తనం తీసుకుపోనివ్వరు. ఆ మాట నోటిదాకా వచ్చింది. బిందె గుర్తొచ్చి మింగేశాను.

అక్టోబరు 3, 4

హనుమకొండ, అమ్మ, మూటలు, తూకం, మళ్లీ మూటలు. రాత్రి విమానం.

అక్టోబరు 5, ఆదివారం

మెల్‌బోర్న్‌లో ఇవాళే గడియారాలు గంట ముందుకు జరిపారు. పోయేటప్పుడు నాలుగున్నర గంటల దూరం, వచ్చేసరికి అయిదున్నర.

విమానంలో ఇచ్చిన కార్డు మీద మొక్కలు, విత్తనాల గడిలో ఉంది అని టిక్కు పెట్టాను. తనిఖీ బల్లమీద అధికారి మామిడి తొక్కు ప్యాకెట్టు చూసి తిరిగిచ్చేశాడు. చీరపీలిక మూట విప్పి, కంకిని చేతి తొడుగుల మధ్య తిప్పి, ఇది ఏమిటన్నాడు. పువ్వు అన్నాను. మీ దగ్గర పెంచుతారా? లేదు, అదే మొలుస్తుంది. కలుపు అన్నమాట, అన్నాడు. చిన్నాయిన అనే మాటే. తర్వాత జమ్మి ఆకులు బయటికొచ్చాయి. ఇదేమిటంటే నేను నోరు తెరిచేలోపు చిన్నోడు గర్వంగా చెప్పేశాడు, "గోల్డ్!" ఆయన ఒక్క క్షణం ఆకుల్ని, తర్వాత రంగు వదలని నా గోళ్లను చూశాడు. నవ్వలేదు. రెండూ పసుపు సంచిలో పడ్డాయి. పీలిక కూడా.

అక్టోబరు 12, ఆదివారం

వీడియో కాల్. బాపమ్మ పిల్లల్ని తిన్నారా అని అడిగింది. చిన్నోడు తిన్నానని చెప్పి ఊరుకోలేదు. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, బాపమ్మ బిందె ఎట్లుందో అన్నీ అయ్యాక ఫోన్ నా చేతికొచ్చింది.

"విత్తులు నాటినవా?"

"నాటిన బాపమ్మా."

"మొలిచినయా?"

"ఇంకా లేదు. ఇక్కడ చలి ఉంది కదా."

కొంచెంసేపు నావైపు చూసింది. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"నీళ్లు మంచిగ పొయ్యి" అంది. "డబ్బా నీళ్లు పోసేవు."